సీసా మీద ఊరి పేరా, పండు పేరా?

తెలుగు నేల మీద 'వైన్స్' అని బోర్డు లేని సెంటర్ కనిపించడం కష్టం. ఆ బోర్డు కింద నిలబడి జనం కొనేది మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు. అసలు వైన్ ఏదీ అంటే పై అరలో ఓ మూల దుమ్ము పట్టిన రెండు మూడు సీసాలు చూపిస్తారు. మాట ప్రతి ఊరికీ వచ్చింది, వస్తువు రాలేదు. చర్చికి వెళ్ళేవాళ్ళకు ద్రాక్షారసం అన్న మాట తెలుసు, ఆయుర్వేదం మందులు వాడేవాళ్ళకు ద్రాక్షాసవం తెలుసు. ఇవి పోను వైన్ మనకు సినిమాల్లో పెద్దింటి డైనింగ్ టేబుల్ మీద కనిపించే వస్తువే.

అందుకే ఏ దుబాయ్ ఎయిర్‌పోర్టులోనో, డల్లాస్ సూపర్‌మార్కెట్లోనో వైన్ అరల ముందు నిలబడగానే టెన్షన్ మొదలవుతుంది. ఒక సీసా మీద మెర్లో అని ఉంటుంది. పక్కదాని మీద షాబ్లీ. ఆ పక్కన బారోలో, రియోహా, షిరాజ్, ప్రొసెకో. వీటిలో ఏది పండు, ఏది ఊరు, ఏది కంపెనీ? చాలామంది చివరికి ధర చూసో, లేబుల్ మీద బొమ్మ చూసో ఒకటి తీసుకుని బయటపడతారు.

వైన్ గురించి చెప్పే క్లాసులు ఎక్కువగా గ్లాసు ఎలా తిప్పాలి, ముక్కు ఎంత లోపలికి పెట్టాలి అన్న దగ్గర మొదలవుతాయి. అది తర్వాతి సంగతి. సీసా మీద రాసింది దేని పేరో తేలకుండా ఎన్ని గ్లాసులు తిప్పినా లాభం లేదు.

నిజానికి తెలుగువాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. వేసవిలో మామిడిపళ్ళ బండి దగ్గర 'రసాలు' అంటే అది రకం. 'నూజివీడు రసాలు' అంటే రకానికి ఊరు కూడా తోడైంది. మరి 'బంగినపల్లి' అంటే? అది నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె పేరే, కానీ బజారులో ఆ మాట అనేవాళ్ళకు ఊరు గుర్తుకే రాదు. నూజివీడు తోటలో కాసినా అది బంగినపల్లే. ఊరి పేరు కాస్తా పండు పేరైపోయింది. వైన్ లోకంలో గందరగోళమంతా ఇలాంటిదే. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ ఎక్కువగా ఊరి పేరు రాస్తాయి. అమెరికా, ఆస్ట్రేలియా, చిలీ పండు పేరు రాస్తాయి. షాబ్లీ ఒక ఊరు, అందులో ఉండేది షార్డొనే అనే ద్రాక్ష. బారోలో ఊరు, పండు నెబియోలో. రియోహా స్పెయిన్‌లో ఒక ప్రాంతం, అక్కడి ప్రధానమైన పండు టెంప్రనీయో. మెర్లో, షిరాజ్ పండ్లు. ప్రొసెకోకు మాత్రం వేరే కథ ఉంది, అది కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఈ రెండు పద్ధతుల మధ్య నూట యాభై ఏళ్ళుగా నడుస్తున్న తగాదా తెలిస్తే వైన్ ధరలు, చట్టాలు, గొప్పలు చాలావరకు అర్థమైపోతాయి.

తయారీలో పెద్ద మర్మమేమీ లేదు. తెల్లారగట్ల తాటిచెట్టు నుంచి దించిన నీరా ఎండెక్కేసరికి కల్లవుతుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి తీపిని తిని ఆల్కహాల్‌నూ, నురగ తెచ్చే కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. ద్రాక్షరసంలో జరిగేదీ అదే. కాకపోతే ద్రాక్షలో చక్కెర, పులుపు రెండూ ఎక్కువ. ఆల్కహాల్ పన్నెండు, పద్నాలుగు శాతం దాకా పోతుంది కాబట్టి కల్లులా సాయంత్రానికి పాడైపోదు. రంగు వచ్చేది తొక్క నుంచి. నల్ల ద్రాక్ష ఒలిచి చూస్తే లోపలి గుజ్జు దాదాపు రంగు లేకుండానే ఉంటుంది. తొక్కలతో కలిపి పులియబెడితే రెడ్ వైన్, రసం ఒక్కటే తీసి పులియబెడితే వైట్. తెల్లగా మెరిసే షాంపేన్ వచ్చే తోటల్లో మూడింట రెండు వంతులు నల్ల ద్రాక్షే. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ లాంటి ద్రాక్ష తినడానికి బాగుంటుంది, కాయ లావు, గుజ్జు ఎక్కువ. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. నోట్లో వేసుకుంటే సగం ఉమ్మేయాల్సిందే.

పొలం పేరే ఇంటిపేరు

ఊరి పేరు రాయడం వెనక ఉన్న నమ్మకం ఏమిటంటే, పండు అదే అయినా నేల మారితే రుచి మారుతుందని. మట్టి, వాలు, ఎండ, గాలి అన్నిటినీ కలిపి ఫ్రెంచివాళ్ళు 'టెర్వార్' అంటారు. పోతుతాడు కల్లుకూ పండుతాడు కల్లుకూ రుచిలో తేడా చెప్పే ఊళ్ళో ఈ మాటను వింతగా చూడనక్కర్లేదు. అయితే ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో దీన్ని ఎంత దూరం తీసుకెళ్ళారో చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది.

1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ తన రాజ్యంలో గామే అనే ద్రాక్షను పీకేయమని ఆజ్ఞ వేశాడు. గామే విరగకాస్తుంది, కానీ నాసిరకమని ఆయన కోపం. ఆయన కోరుకున్నది పినో న్వార్. కాలక్రమంలో ఆ ప్రాంతపు పేరున్న రెడ్ వైన్లన్నీ ఆ ఒక్క పండుతోనే నిలిచాయి. అందరిదీ ఒకే పండు అయినప్పుడు దాని పేరు లేబుల్ మీద రాసి ప్రయోజనం ఏముంది? తేడా అంతా పొలంలోనే. రోమనే-కోంతి అనే పొలం మొత్తం నాలుగున్నర ఎకరాలు. ఏటా వచ్చేది ఐదారు వేల సీసాలు, ఒక్కో సీసా లక్షల్లో పలుకుతుంది. అదే వాలు దిగి కిందికొస్తే, అదే పండుతో చేసిన వైన్ అందులో వందో వంతు ధరకు దొరుకుతుంది.

అదే ప్రాంతంలో జెవ్రీ అని ఒక ఊరుంది. ఆ ఊరి పొలాల్లో అన్నిటికన్నా పేరున్నది షాంబెర్తాన్. నెపోలియన్ అదే తాగేవాడని ప్రతీతి. పొలానికి ఉన్న పేరు ఊరికి లేకపోవడంతో, 1847లో ఆ ఊరు పొలం పేరును తన పేరుకు తగిలించుకుని జెవ్రీ-షాంబెర్తాన్ అయింది. చుట్టుపక్కల ఊళ్ళూ అదే దారి పట్టాయి. మోంరాషే అనే పొలం పూలిన్యీ, షసాన్య్ అనే రెండు ఊళ్ళ సరిహద్దు మీద ఉంది. 1879లో రెండూ పూలిన్యీ-మోంరాషే, షసాన్య్-మోంరాషే అయిపోయాయి. పొలం పేరే ఊరికి ఇంటిపేరైంది. ఇక కొనేవాడి పాట్లు చూడండి. సీసా మీద 'షాంబెర్తాన్' అని మాత్రమే ఉంటే అది ఆ పొలంలో పండింది. 'జెవ్రీ-షాంబెర్తాన్' అని ఉంటే ఊరి పరిధిలో ఎక్కడైనా పండి ఉండొచ్చు. పేరు పొడుగయ్యే కొద్దీ ధర తగ్గుతుంది.

పొలం పేరు తెలిసినా పని పూర్తి కాదు. క్లో ద వూజో అనే పొలం చుట్టూ సిస్టర్షియన్ సన్యాసులు కట్టిన రాతి గోడ ఇప్పటికీ ఉంది. లోపల సుమారు 125 ఎకరాలు. సన్యాసుల కాలంలో అంతా ఒకే చేతి కింద ఉండేది. ఫ్రెంచి విప్లవంలో ప్రభుత్వం లాక్కుని అమ్మేసింది. తర్వాత చేతులు మారి, ముక్కలై, ఇప్పుడు దాదాపు 80 మంది యజమానులు ఉన్నారు. ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాలన్న నెపోలియన్ నాటి చట్టం వల్ల బర్గండీ పొలాలన్నీ ఇలాగే చీలికలయ్యాయి. అన్నదమ్ముల వాటాలు ఎకరం నుంచి సెంట్లలోకి దిగడం మన పల్లెల్లో చూసిందే. అక్కడ కొందరికి మిగిలేది కొన్ని సాళ్ళు మాత్రమే. ఒకే పొలం పేరుతో ఎనభై మంది వైన్ వస్తే అందులో శ్రద్ధ ఉన్నవాడిదీ ఉంటుంది, పేరు మీద బతికేవాడిదీ ఉంటుంది. బర్గండీ బాగా తెలిసినవాళ్ళు పొలం కన్నా ముందు చేసినవాడి పేరు వెతికేది అందుకే.

ఫ్రాన్స్‌లోనే బోర్డో అనే మరో ప్రాంతంలో లెక్క వేరు. అక్కడ హోదా పొలానిది కాదు, 'షాతో' అని పిలిచే ఎస్టేటుది. 1855 పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ అడిగితే, బోర్డో బ్రోకర్లు ఏ ఎస్టేటు వైన్ ఎంతకు అమ్ముడుపోతోందో చూసి ఐదు తరగతుల జాబితా రాశారు. మార్కెట్ యార్డులో కమిషన్ ఏజెంట్లు ధరలు రాసినట్టే. ఆ ధరల పట్టిక తర్వాత శిలాశాసనమైపోయింది. ఇన్నేళ్ళలో తరగతి మారిన ఎస్టేటు ఒక్కటే, 1973లో రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కిన మూటన్ రోత్‌షీల్డ్. ఎస్టేటు యజమాని పక్క పొలం కొని కలుపుకుంటే ఆ మట్టికి కూడా హోదా వచ్చేస్తుంది. నేల గుణమే సర్వస్వం అని చెప్పే దేశంలో ఇదొక తమాషా.

పురుగు తెచ్చిన చట్టం

ఊరి పేరుకు ప్రభుత్వ ముద్ర వేయడం కొత్తేమీ కాదు. పోర్చుగల్ ప్రధాని పోంబాల్ 1756లోనే దోరో లోయకు హద్దులు గీసి, అక్కడి పోర్ట్ వైన్‌కు రంగు కలపకుండా ఎల్డర్‌బెర్రీ చెట్లు నరికించాడు. కానీ ఇవాళ ప్రపంచమంతా పాకిన చట్టానికి అసలు కారణం ఒక పురుగు.

1860లలో దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్షతీగలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో ప్లాన్షాన్ అనే వృక్షశాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి, ఎండిన తీగలను వదిలేసి పచ్చగా ఉన్న తీగల వేళ్ళు తవ్వి చూశాడు. కంటికి ఆనీ ఆనని పసుపు రంగు పురుగులు గుంపులుగా వేళ్ళను పీలుస్తున్నాయి. తీగ చచ్చేసరికి అవి పక్క తీగకు వెళ్ళిపోయేవి, అందుకే చచ్చిన తీగ దగ్గర వెతికినవాళ్ళకు ఏమీ కనిపించలేదు. అమెరికా నుంచి తెచ్చిన మొక్కలతో దిగుమతి అయిన ఆ పురుగే ఫిలాక్సెరా. 1875లో సుమారు 845 కోట్ల లీటర్లు ఉన్న ఫ్రాన్స్ ఉత్పత్తి 1889 నాటికి 234 కోట్ల లీటర్లకు పడిపోయింది.

విరుగుడు కూడా అమెరికా నుంచే వచ్చింది. అక్కడి తీగల వేళ్ళు ఆ పురుగును తట్టుకుంటాయి. కాబట్టి అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మకు అంటు కట్టారు. మామిడి అంట్లు కట్టే మన రైతుకు అర్థమయ్యే పనే. అప్పట్లో మాత్రం పరాయి వేరు మీద పెరిగితే మన రుచి పోతుందని బర్గండీలో చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి అందరూ తలొగ్గారు. ఫ్రెంచి నేల గుణం అని లక్షలు పోసి కొనే వైన్‌లో ఆ గుణాన్ని నేల నుంచి పైకి లాగుతున్నవి అమెరికా వేళ్ళు. ఈ సంగతి లేబుల్ మీద ఎవరూ రాయరు.

తోటలు పోయాయి కానీ తాగేవాళ్ళు పోలేదు. దాంతో కల్తీ మొదలైంది. ఎండు ద్రాక్ష నానబెట్టి, చక్కెర నీళ్ళు పోసి, రంగు కలిపి వైన్ అని అమ్మారు. తాజా ద్రాక్ష పులిస్తే వచ్చేదే వైన్ అని 1889లో చట్టం రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. తోటలు మళ్ళీ కాపుకొచ్చేసరికి సరుకు ఎక్కువై, కల్తీ సరుకు కూడా తోడై ధర కుప్పకూలింది. 1907లో లాంగ్‌డాక్ ప్రాంతపు రైతులు లక్షల్లో రోడ్డెక్కారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది. 1911లో షాంపేన్ ప్రాంతం వంతు. వ్యాపారులు ఎక్కడెక్కడి ద్రాక్షో రైళ్ళలో తెప్పించి షాంపేన్ అని అమ్ముతున్నారని మార్న్ లోయ రైతులు ఆయ్ అనే ఊళ్ళో గోదాములు తగలబెట్టారు, వైన్ వీధుల్లో పారింది. అసలు షాంపేన్ అంటే ఏ ఊళ్ళు, ఓబ్ జిల్లా అందులోకి వస్తుందా రాదా అన్నదే గొడవ. ఆ హద్దు తేలడానికి 1927 దాకా పట్టింది.

ఈ రక్తం, పొగ మధ్య నుంచి పుట్టిందే 1935 నాటి 'అపెలాసియాన్' చట్టం, అంటే ఊరి పేరును కాపాడే చట్టం. షాతోనఫ్-దు-పాప్ ఊళ్ళో లెర్వా అనే న్యాయవాది, తోట యజమాని 1923లో రైతులతో కలిసి ఏ పొలాలు, ఏ ద్రాక్ష, ఆల్కహాల్ ఎంతకు తగ్గకూడదు అని నియమాలు రాసుకున్నాడు. దేశానికి అదే నమూనా అయింది. ఆ ఊరికి నియమాలంటే ఎంత ఇష్టమో చెప్పడానికి ఇంకొకటి: 1954లో ఎగిరే పళ్ళేలు తమ ద్రాక్షతోటల్లో దిగకూడదని ఊరి మేయర్ ఆర్డర్ వేశాడు. ఆ ఆర్డర్ రద్దయినట్టు లేదు. అంతకన్నా ముఖ్యం, ఊరి పేరు అప్పటి నుంచి ఒక చిరునామా కాకుండా హామీ పత్రమైంది. సీసా మీద ఊరి పేరు పడాలంటే ఫలానా పండు, ఎకరానికి ఫలానా దిగుబడికి మించకుండా, ఫలానా పద్ధతిలో చేయాలి. పండు పేరు రాయకపోవడానికి కారణమూ అదే. ఆ ఊరన్నాక ఏ పండో చట్టమే చెబుతుంది.

అయితే ఆ హామీ ఇరుకు కూడా అయింది. ఇటలీలో 1970ల మొదట్లో టస్కనీ వాళ్ళు కొందరు ఊరి నియమాలకు ఒదగని ద్రాక్షతో, పద్ధతితో చేసిన అద్భుతమైన వైన్ బజారులోకి తెచ్చారు. సస్సికాయా, తిన్యానెల్లో అలా వచ్చినవే. నియమం ప్రకారం వాటి మీద 'టేబుల్ వైన్' అని అట్టడుగు తరగతి పేరు రాయాల్సి వచ్చింది. జనం మాత్రం మంచి ఊళ్ళ వైన్ల కన్నా ఎక్కువ ధర పెట్టి కొన్నారు. కొన్నేళ్ళకు చట్టమే దిగొచ్చి సస్సికాయాకు చోటిచ్చింది.

పండు పేరు పెట్టినవాళ్ళు

సముద్రం అవతల ఈ ఊళ్ళు లేవు. కానీ పేర్ల మోజు ఉంది. కాలిఫోర్నియాలో ఎర్రగా ఉంటే బర్గండీ, తెల్లగా ఉంటే షాబ్లీ, నురగొస్తే షాంపేన్. గాలో కంపెనీ 'హార్టీ బర్గండీ' అని కోట్ల సీసాలు అమ్మింది. అందులో బర్గండీ మట్టి ఒక్క రేణువు లేదు. మన మిర్చి యార్డు భాషలో చెప్పాలంటే ఎక్కడ పండినా గుంటూరు కాయ అని అమ్మడం. ఫ్రాంక్ స్కూన్‌మేకర్ అనే వైన్ వ్యాపారి, రచయిత, ఈ అరువు పేర్లు మానేసి ఉన్న పండు పేరు రాయండని రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచీ పోరాడాడు. నిజాయితీ కోసం మొదలైన ఆ అలవాటు తర్వాత వ్యాపారానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. వందల ఊళ్ళు గుర్తుపెట్టుకోవడం కన్నా కాబెర్నే, మెర్లో, షార్డొనే అని అరడజను పేర్లు గుర్తుపెట్టుకోవడం సులువు కదా.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి తొమ్మిది మంది ఫ్రెంచి నిపుణుల ముందు పేర్లు దాచిన సీసాలు పెట్టాడు. రెడ్‌లో స్టాగ్స్ లీప్, వైట్‌లో షాతో మాంటెలీనా, రెండూ కాలిఫోర్నియావి, రెండూ 1973 పంటవి, మొదటి స్థానంలో వచ్చాయి. దీన్ని ఫ్రాన్స్ ఓటమిగా చెప్పుకోవడం అలవాటైంది కానీ, అందులో ఉన్న పండ్లన్నీ ఫ్రెంచి పండ్లే. ఓడింది ఊరి పేరు, గెలిచింది పండు పేరు అనడం సరిగ్గా ఉంటుంది.

పండు పేరైనా పూర్తిగా నమ్మదగ్గదా? అమెరికాలో లేబుల్ మీద మెర్లో అని రాయడానికి 75 శాతం మెర్లో ఉంటే చాలు, మిగతా పాతిక శాతం ఏదైనా కావచ్చు. యూరప్‌లో 85 శాతం కావాలి. ఇంకా విచిత్రం చిలీది. అక్కడ మెర్లో అని దశాబ్దాలుగా పండించి ఎగుమతి చేసిన తీగల్లో చాలా భాగం అసలు మెర్లోనే కాదు. 1994లో బూర్సికో అనే ఫ్రెంచి నిపుణుడు తోటలో నడుస్తూ ఆకులు, పూత చూసి అది కార్మెనేర్ అని తేల్చాడు. బోర్డోలో ఫిలాక్సెరా దెబ్బకు దాదాపు తుడిచిపెట్టుకుపోయిన రకం అది. పురుగు రాకముందే చిలీకి చేరి, ఆ పురుగు సోకని నేలలో మారు పేరుతో బతికిపోయింది. మెర్లో కన్నా వారాల ఆలస్యంగా పండే కాయను మెర్లోతో పాటే కోసేవాళ్ళు కాబట్టి, చిలీ మెర్లోలో పచ్చి క్యాప్సికం వాసన ఎందుకొస్తుందో అప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు.

షిరాజ్ కథ బంగినపల్లికి తిరగేసినట్టు ఉంటుంది. ఇరాన్‌లో ఆ పేరుతో నగరం ఉంది కాబట్టి పండు అక్కణ్ణుంచే వచ్చిందని చాలాకాలం నమ్మారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో డీఎన్ఏ పరీక్షలు చేస్తే, అది ఫ్రాన్స్‌లోనే రెండు మామూలు ద్రాక్ష రకాలు కలిసి పుట్టిందని తేలింది. అక్కడ దాని పేరు సిరా. పేరులో ఊరుంది, పుట్టుకలో లేదు.

ఇక ప్రొసెకో. ఇది ఇటలీలో మొన్నమొన్నటి దాకా ఒక ద్రాక్ష పేరు. ట్రియెస్ట్ దగ్గర ఆ పేరుతో చిన్న ఊరు కూడా ఉంది. నురగ వైన్ ప్రపంచమంతా అమ్ముడుపోవడం మొదలయ్యాక, పండు పేరైతే ఎవరైనా వాడుకోవచ్చు, ఊరి పేరైతే మనదే అని ఇటలీకి తట్టింది. 2009లో పండుకు గ్లేరా అని పాత పేరొకటి తగిలించి, ప్రొసెకో అన్నది ఆ ఊరిని కలుపుకున్న ప్రాంతం పేరు అని చట్టం చేసింది. రాత్రికి రాత్రి పండు పేరు ఊరి పేరైపోయింది. మేం కొన్నది ప్రొసెకో మొక్కలే కదా అని ఆస్ట్రేలియా రైతులు ఆ పేరుతోనే అమ్ముతూ వచ్చారు, యూరప్‌తో ఏళ్ళ తరబడి తగువు నడిచింది.

ఈ తగువు మన దాకా వచ్చింది. 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ 'ట్రిప్స్' ఒప్పందంలో ఊరి పేర్లకు రెండు మెట్ల రక్షణ ఉంది. మామూలు సరుకులకు 22వ అధికరణ: జనం మోసపోతున్నారని రుజువు చేస్తేనే ఆపగలరు. వైన్‌కూ, స్పిరిట్స్‌కూ 23వ అధికరణ: 'షాంపేన్ టైపు', 'షాంపేన్ స్టైల్' అని నిజం రాసినా కుదరదు. యూరప్ బలంగా కూర్చుని రాయించుకున్న తేడా అది. ఆ ఒప్పందం ప్రకారం మన దేశం 1999లో భౌగోళిక సూచికల చట్టం చేసింది, 2003లో అమల్లోకి తెచ్చింది. డార్జిలింగ్ టీతో మొదలై తిరుపతి లడ్డూ, 2017లో బంగినపల్లి మామిడి ఆ జాబితాలోకి ఎక్కాయి. నాసిక్ లోయ వైన్‌కూ అందులో చోటుంది. వైన్‌కు ఇచ్చిన గట్టి రక్షణ మా సరుకులకూ ఇవ్వండని మన దేశం ఆ సంస్థలో అడుగుతూనే ఉంది. బంగినపల్లికి జీఐ ట్యాగ్ వచ్చిందని సంబరపడిన రైతుకు, ఆయ్ ఊళ్ళో గోదాములు తగలబెట్టిన రైతుకు దగ్గరి చుట్టరికమే ఉంది.

వగరు తెలిసిన నాలుక

రుచి సంగతికి వస్తే తెలుగువాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. రెడ్ వైన్ తాగగానే నాలుక బిరుసెక్కి, చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటుంది. తొక్క, గింజల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల వచ్చేది అది. ఇంగ్లిష్ వాళ్ళు దీన్ని రుచుల్లో లెక్కేయరు, క్లాసుకెళ్ళి కొత్తగా నేర్చుకుంటారు. మనకు ఆరు రుచుల్లో వగరు ఒకటి. నేరేడు పండు, జామ పిందె, పచ్చి అరటికాయ తొక్క తెలిసిన నాలుకకు టానిన్ గురించి పాఠం అక్కర్లేదు. బారోలోకు వగరు ఎక్కువ, పినో న్వార్‌కు తక్కువ, అంతే. జార్జియా దేశంలో భూమిలో పాతిన మట్టి కాగుల్లో తెల్ల ద్రాక్షను తొక్కలతోనే పులియబెడతారు. ఆ వైన్ కాషాయం రంగులో, వైట్ అయినా వగరుగా ఉంటుంది. ఆ దేశంలో దొరికిన కుండ పెంకుల్లో ఎనిమిది వేల ఏళ్ళ నాటి వైన్ ఆనవాళ్ళు ఉన్నాయి.

నిపుణుల వర్ణనలు కొన్ని నిజం, కొన్ని ఫ్యాషన్. సిరాలో మిరియాల వాసన అంటే కవిత్వం కాదు. రోటండోన్ అనే పదార్థం మిరియాల్లోనూ, ఆ ద్రాక్ష తొక్కలోనూ ఒకటే అని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష వైన్‌లో జామపండు వాసనకూ అలాంటి ఆధారమే ఉంది. మరోపక్క 2001లో అచ్చయిన బోర్డో ప్రయోగంలో, 54 మంది వైన్ విద్యార్థులకు వైట్ వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్ళు రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కు కన్నా కన్ను ముందు తీర్పు చెప్పేసిందన్నమాట. ఎప్పుడూ తినని బ్లాక్‌కరెంట్ పేరు బట్టీ పట్టి చెప్పడం కన్నా నేరేడు, రేగు, తొలకరి మట్టి అని తనకు తెలిసిన మాటలతో చెప్పుకున్నవాళ్ళకే ఆ వైన్ మళ్ళీ ఎదురైనప్పుడు గుర్తుంటుంది.

రెడ్ వైన్ 'రూమ్ టెంపరేచర్'లో తాగాలన్న మాట కూడా అలాంటి అరువు సరుకే. అది పదహారు, పద్దెనిమిది డిగ్రీలుండే యూరప్ గదుల కోసం చెప్పింది. మే నెలలో విజయవాడ గదికి దాన్ని అన్వయిస్తే సీసాలో వైన్ కషాయంలా ఉంటుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టడం తప్పేమీ కాదు. గోంగూర, ఆవకాయ ఉన్న భోజనానికి వగరు, ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ తోడైతే మంట రెట్టింపవుతుంది. కాస్త తీపిగా, తేలిగ్గా ఉండే రీస్లింగ్ అనే జర్మన్ వైట్ అక్కడ నయం. సీసా మీద 'రిజర్వ్' అని చూసి ఎక్కువ డబ్బు పెట్టేముందు కూడా ఊరు చూడాలి. రియోహాలో 'రెసెర్వా' రెడ్ అంటే కనీసం మూడేళ్ళు నిలవ, అందులో ఏడాది చెక్క పీపాలో అని చట్టం. అమెరికాలో ఆ మాటకు చట్టంలో అర్థమే లేదు.

ఊరి పేరుకూ పండు పేరుకూ మధ్య ఉన్న లంకెను ఇప్పుడు వాతావరణం కదుపుతోంది. ఎండలు పెరిగి బోర్డోలో మెర్లో తొందరగా పండిపోతోంది, తీపి ఎక్కువై ఆల్కహాల్ పెరుగుతోంది, పులుపు తగ్గుతోంది. 2021లో అక్కడ ఆరు కొత్త ద్రాక్ష రకాలకు అనుమతి ఇచ్చారు. అందులో తూరీగా నాసియోనాల్ ఒకటి, పోర్చుగల్‌లో పోర్ట్ వైన్ చేసే పండు. తోటలో ఐదు శాతానికి, సీసాలో పది శాతానికి మించకూడదని షరతు పెట్టారు. ఇప్పటికి ప్రయోగంగానే. ఆ పది శాతం కలిసిన సీసా బజారుకొచ్చినా, దాని మీద పెద్ద అక్షరాలతో బోర్డో అనే ఉంటుంది.